సెల్లారులో చార్జింగ్‌కు అనుమతి లేని ఫ్లాటు, రోజుకు యాభై ఐదు కిలోమీటర్ల ప్రయాణం: విద్యుత్ స్కూటర్ కొనవచ్చునా?

ప్రశ్న: మధురవాడ నివాసి

అందరికీ నమస్కారం. విశాఖపట్నం మధురవాడలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడవ అంతస్తులో మా ఇల్లు. నా ఉద్యోగం గాజువాక అవతల ఒక కర్మాగారంలో. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ కూడలి మీదుగా జాతీయ రహదారిపై రానూపోనూ రోజుకు దాదాపు 55 కిలోమీటర్లు అవుతుంది. నెలకు ఇరవై నాలుగు పనిదినాలుగా లెక్కిస్తే 1,320 కిలోమీటర్లు. నా పెట్రోల్ బండికి పన్నెండేళ్లు నిండాయి. ఇప్పుడది లీటరుకు నలభై ఐదు కిలోమీటర్లకు మించి రావడం లేదు. అంటే నెలకు 29 లీటర్ల పైచిలుకు. లీటరు ధర నూరు రూపాయలు దాటి చాలాకాలమైంది కనుక, ఇంటి ఖర్చులో ఇది మూడు వేల రూపాయలకు పైబడిన పద్దు.

విద్యుత్ స్కూటర్ కొనాలన్న ఆలోచన ఏడాదిగా ఉన్నా, ప్రతిసారీ ఏదో ఒక సందేహం దగ్గర ఆగిపోతున్నాను. అన్నిటికంటే పెద్దది మా అపార్ట్‌మెంట్ సంఘం అభ్యంతరం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి ప్రాణం పోయిన సంఘటనను మా కార్యవర్గ సభ్యులు ఈనాటికీ మరచిపోలేదు. పైన ఇరవై కుటుంబాలు నిద్రపోతుండగా కింద సెల్లారులో రాత్రంతా బ్యాటరీలు చార్జింగ్‌లో ఉంటే బాధ్యత ఎవరిదని వారు అడుగుతున్నారు. వారి భయాన్ని నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను, నా పిల్లలు కూడా ఆ పై అంతస్తులోనే నిద్రపోతారు.

మిగిలిన సందేహాలు మన ఊరికి సంబంధించినవి. సముద్రపు ఉప్పుగాలికి మా కిటికీ చువ్వలే రెండేళ్లలో తుప్పు పడుతున్నాయి. ఇంత సున్నితమైన ఎలక్ట్రానిక్ సామగ్రి తట్టుకుంటుందా? హుద్‌హుద్ తుపాను తరువాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటిది మళ్లీ వస్తే ఏం చేయాలి? మా అత్తవారిల్లు చోడవరంలో ఉంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు అరకు వెళ్లడం అలవాటు. వీటికి ఆ బండి సరిపోతుందా? ఇవన్నీ చూసి కొందరు మిత్రులు సీఎన్‌జీ మోటారు సైకిల్ కొనమంటున్నారు. మరికొందరు హైడ్రోజన్ వచ్చేదాకా ఆగమంటున్నారు. మా పక్క ఫ్లాటు పెద్దాయన మాత్రం, పరవాడలో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో బండి నడిపితే ఊరికి ఒరిగేదేమిటని అడుగుతారు. ఈ విషయాలలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1: విద్యుత్ ఇంజనీరు (విశ్రాంత), సీతమ్మధార

మీరు వేసిన ప్రశ్నలలో మొదట తేల్చుకోవలసినది చార్జింగ్ స్థలం. బండి రాత్రి ఎక్కడ ఉంటుంది, అక్కడికి ఏ తీగ వస్తుంది అన్న రెండు విషయాలూ కుదిరితే మిగిలిన చిక్కులలో చాలావరకు విడిపోతాయి. ఇవి కుదరకపోతే ఎంత మంచి బండి కొన్నా ఆరు నెలలకే విసుగు పుడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా తీగలతోనే గడిపిన వాడిని గనుక ఈ భాగం కాస్త విస్తరించి చెబుతాను.

చట్టం సంగతి ముందు చూద్దాం. ఇంటిలోగాని కార్యాలయంలోగాని తమకు ఇప్పటికే ఉన్న విద్యుత్ కనెక్షన్ నుండి వాహనాన్ని చార్జ్ చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలలో స్పష్టంగా ఉంది. కొత్త భవనాల పార్కింగ్‌లో ఇరవై శాతం స్థలం విద్యుత్ వాహనాల చార్జింగ్‌కు అనువుగా ఉండాలని 2019లో నమూనా భవన నిబంధనలను సవరించారు. అయితే మీది పాత భవనమైతే ఈ రెండవది మీకు పెద్దగా అక్కరకు రాదు. మొదటిది కూడా, సంఘంతో తగవు పెట్టుకునేందుకు కాక, మాట మొదలుపెట్టేందుకు వాడుకోండి. వారి భయానికి కారణం ఉంది. దాన్ని సాంకేతికంగా తగ్గించి చూపితే వారే ఒప్పుకుంటారు.

ఇటువంటి భవనాలలో నేను చూసిన ప్రమాదాలన్నిటిలో బ్యాటరీ కంటే ముందు తప్పు చేసింది వైరింగే. పై అంతస్తు బాల్కనీ నుండి పొడిగింపు తీగ వేలాడదీసి, దాని చివర ఆరు ఆంపియర్ల ప్లగ్గు పెట్టి, రోజూ ఐదారు గంటలు చార్జింగ్ పెట్టడం నేను కళ్లారా చూశాను. స్కూటర్ చార్జర్ లాగేది చాలావరకు ఒక కిలోవాట్ లోపే, ఇస్త్రీ పెట్టె లాగేదానితో సమానం. అయితే ఇస్త్రీ పెట్టెను పది నిమిషాలలో తీసేస్తాం. చార్జర్ అదే భారాన్ని గంటల తరబడి లాగుతుంది కనుక, వదులుగా ఉన్న ప్రతి బిగింపు దగ్గరా వేడి పేరుకుంటూ పోతుంది. సాకెట్ గోధుమ రంగుకు తిరగడం ఆ వేడికి మొదటి గుర్తు.

మీ మీటరు, సాధారణంగా అందరి మీటర్లతో కలిసి, కింది అంతస్తులోని బోర్డులోనే ఉంటుంది. మూడవ అంతస్తు నుండి తీగ దించవలసిన పని లేదు. మీ మీటరు దాటిన తరువాత ఒక శాఖ తీసి, దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే కరెంటును ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే వెంటనే ఆపే స్విచ్) పెట్టి, గొట్టంలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను బండి నిలిపే చోటికి తీసుకువెళ్లి, నీరు చొరబడని మూత ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌తో ముగించండి. వాడిన కరెంటు మీ బిల్లులోనే పడుతుంది గనుక ఉమ్మడి మీటరుపై ఎవరికీ అనుమానం ఉండదు. సంఘాలలో సగం గొడవలు నిప్పు గురించి మొదలై ఉమ్మడి బిల్లు దగ్గర తేలుతాయన్నది నా అనుభవం.

ఎర్త్ మాత్రం మరచిపోవద్దు. మధురవాడ వైపు నేల రాయి, ఎర్రమట్టి. పాత ఎర్త్ గొయ్యి వేసవిలో ఎండిపోయిందంటే పేరుకు మాత్రమే ఎర్త్ ఉన్నట్టు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత ఎర్త్ నిరోధాన్ని, అంటే కరెంటు నేలలోకి దిగడానికి ఎదురయ్యే అడ్డును, కొలిపించండి, అయిదు ఓంల లోపు రావాలని పట్టుబట్టండి.

స్థలం విషయంలో నా సలహా ఏమిటంటే, సెల్లారు కాకుండా, ప్రహరీకీ భవనానికీ నడుమ ఉండే ఖాళీ స్థలంలో, పైన రేకు కప్పిన చోటును అడగండి. అనుకోనిది జరిగినా పొగ ఆకాశంలోకి పోతుంది, మెట్ల దారిలోకి రాదు. తుపాను వేళల్లో సెల్లారులో నీరు నిలిచే బెడద కూడా తప్పుతుంది.

ఇక బిల్లు. స్కూటర్ జాతీయ రహదారి వేగంలో కిలోమీటరుకు సుమారు 32 వాట్ అవర్లు వాడుతుందనుకుందాం (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). 1,320 కిలోమీటర్లకు 42 యూనిట్లు, చార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకుంటే 48 యూనిట్లు. మన రాష్ట్రంలో గృహ వినియోగదారుల శ్లాబులలో 126 నుండి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. మీరు ఇప్పుడు నెలకు 210 యూనిట్లు వాడుతున్నారనుకుంటే, కొత్త 48లో 15 యూనిట్లు ఆరు రూపాయల చొప్పునా, మిగిలిన 33 యూనిట్లు పై శ్లాబులోనూ పడతాయి. మొత్తం సుమారు 379 రూపాయలు. సర్దుబాటు చార్జీలు, సుంకం కలిపినా ఐదు వందల లోపే. చాలామంది సగటు ధరతో గుణించి తక్కువ చూపిస్తారు. కొత్తగా చేరే యూనిట్లలో ఎక్కువ భాగం పై శ్లాబులో పడతాయన్నది గుర్తుంచుకొని లెక్క వేసినా, పెట్రోల్‌తో పోల్చితే ఇది ఆరవ వంతు కంటే తక్కువే.

సమాధానం 2: మెకానిక్, గాజువాక

ఇంజనీరు గారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను పద్దెనిమిదేళ్లు పెట్రోల్ బళ్లు బాగు చేసి, గత నాలుగేళ్లుగా విద్యుత్ స్కూటర్లు కూడా చూస్తున్నాను కనుక ఉప్పుగాలి గురించి నాకు తెలిసినది రాస్తాను.

మన ఊళ్లో బ్యాటరీ పెట్టె చెడిపోయి వచ్చిన బండి కంటే, కనెక్టర్లు పచ్చబడి వచ్చిన బళ్లే నా దగ్గరికి ఎక్కువ వచ్చాయి. రాగి పిన్నుల మీద ఉప్పు తేమ చేరితే పచ్చటి చిలుము పడుతుంది. కరెంటు పారే దారి ఇరుకై అక్కడ వేడి పుడుతుంది. బ్యాటరీకి ఐపీ 67 రక్షణ ఉందంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదని అర్థం, అంతేగాని ఏళ్ల తరబడి ఉప్పుగాలి తగిలినా బయటి పిన్నులు పాడవవని కాదు. మీ దారిలో సముద్రం నేరుగా తగలదు గనుక రుషికొండ, భీమిలి వైపు ఉండేవారి కంటే మీకు ఇబ్బంది తక్కువ. అయినా మూడు నెలలకు ఒకసారి చార్జింగ్ సాకెట్, మోటారు తీగల బిగింపులు విప్పించి, శుభ్రం చేయించి, కనెక్టర్లకు వాడే గ్రీజు రాయించండి. బండిని మామూలు నీళ్లతో మెల్లగా కడగాలి. వాటర్ సర్వీసింగ్ వాళ్ల గన్నుతో కొట్టిస్తే ఆ ఒత్తిడికి సీళ్ల గుండా నీరు లోపలికి పోతుంది. కంట్రోలరు, అంటే మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం, పాడై వచ్చిన బళ్లలో చాలావాటికి ఇదే కారణమని నేను గమనించాను.

కొనే ముందు, షోరూములో కాకుండా సర్వీసు కేంద్రంలో ఒక పూట కూర్చోండి. ఎన్ని బళ్లు విడిభాగాల కోసం ఎదురుచూస్తున్నాయో లెక్కపెట్టండి. నా దగ్గరకు వచ్చే ఒక ఖాతాదారుడి బండి, పేరు చెప్పడం భావ్యం కాదు గాని, చిన్న కంట్రోలరు కోసం కంపెనీ కేంద్రంలో యాభై రోజులు ఆగింది. పెట్రోల్ బండికి కార్బొరేటర్ పోతే నేనే అరగంటలో సరిచేసి పంపేవాడిని. ఈ బళ్లలో సాఫ్ట్‌వేర్ తాళం కంపెనీ చేతిలోనే ఉంటుంది, చూసి తెలిసినా మేము ముట్టుకోలేము. మా వంటి వాళ్లకు శిక్షణ, పనిముట్లు, విడిభాగాలు అందుబాటులోకి రానంత కాలం ఈ బళ్లు ఊళ్లోకి వస్తాయి గాని పల్లెలకు పోలేవు. చోడవరంలో ఆగిపోతే ఎవరు చూస్తారన్నది మీరు అడగవలసిన ప్రశ్న.

సీఎన్‌జీ సంగతి కూడా చెబుతాను. 2024 జూలైలో బజాజ్ కంపెనీ తెచ్చిన మోటారు సైకిల్‌లో రెండు కిలోల గ్యాస్ సిలిండరు, రెండు లీటర్ల పెట్రోల్ ట్యాంకు ఉంటాయి. చార్జింగ్ స్థలం కుదరని వారికి అది మంచి దారి అని నా అభిప్రాయం. గ్యాస్ బంకు దగ్గర ఆటోల వరుసలో నిలబడే ఓపిక, మూడేళ్లకు ఒకసారి సిలిండరుకు ఒత్తిడి పరీక్ష చేయించే క్రమశిక్షణ ఉండాలి. మీకు గనుక ఇంటి దగ్గర సాకెట్ కుదిరితే నేను ఆ వైపు చూడమనను.

మీ పాత బండిని మాత్రం ఇంకా లాగవద్దు. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్‌లో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. దానిలో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పన్నెండేళ్ల నాటి బండి రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికోసం తయారైనవి కావు. మైలేజీ పడిపోవడానికి అది కూడా కొంత కారణం అయి ఉంటుంది.

సమాధానం 3: ఆటో కుటుంబం, కంచరపాలెం

అన్నగారూ, మీరు స్కూటర్ గురించి అడిగారు గాని, మా ఇంటి అనుభవం మీకు ఒక విషయంలో ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మా ఆయన రెండేళ్ల కిందట విద్యుత్ ఆటో తీసుకున్నారు. రోజువారీ ఖర్చు తగ్గింది, పొగ వాసన లేదు, సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయనకు వెన్ను నొప్పి, చేతుల తిమ్మిరి మునుపటి మాదిరిగా లేవు. ఈ మాట లెక్కల్లో ఎక్కడా కనిపించదు గనుక నేను చెప్పాలనుకున్నాను.

మమ్మల్ని బాధపెట్టింది అప్పు. పెట్రోల్ ఆటోకు ఇచ్చేదాని కంటే విద్యుత్ ఆటోకు వడ్డీ ఎక్కువ వేశారు, గడువు తక్కువ ఇచ్చారు. ఎందుకని అడిగితే, వాయిదాలు కట్టకపోతే బండి తెచ్చుకున్నా పాత బ్యాటరీకి ఎంత వస్తుందో మాకే తెలియదన్నారు. అది కూడా నిజమే. పాత డీజిల్ ఆటోను ఇంజను చప్పుడు విని వెల కడతారు, బ్యాటరీ లోపల ఎంత ప్రాణం మిగిలి ఉందో చూసి చెప్పగలిగిన మనిషి మా వీధిలో లేడు. మీరు కొనేటప్పుడు బ్యాటరీ హామీ కాగితంలో ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నదే కాక, ఎంత శాతం కంటే తగ్గితే మార్చి ఇస్తారో రాసి ఉందా లేదా చూసుకోండి. రెండవవారికి అమ్మితే ఆ హామీ వారికి బదిలీ అవుతుందో లేదో కూడా అడగండి.

బ్యాటరీ మార్పిడి కేంద్రాలను నమ్ముకుని కొనవద్దని కూడా చెప్పాలి. మాకు తెలిసిన ఒకరు అలాగే కొన్నారు. రెండు నిమిషాలలో బ్యాటరీ మారుతుంది, బండి ధర కూడా తక్కువ, మొదట్లో అంతా బాగుంది. తరువాత ఆ సంస్థ అతని దారిలో ఉన్న కేంద్రాన్ని ఎత్తివేసింది. వేరే కంపెనీ బ్యాటరీ ఆ బండిలో పట్టదు. అన్ని కంపెనీల బ్యాటరీలు ఒకే కొలతలో ఉంటే గ్యాస్ సిలిండరు మార్చుకున్నట్టు ఎక్కడైనా మార్చుకునేవాళ్లం. అది జరిగేవరకు మాత్రం ఇంటి దగ్గర చార్జింగ్ ఉన్నవారికే ఈ బండి నిశ్చింత.

సమాధానం 4: రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ

నిప్పు, బొగ్గు, హైడ్రోజన్, అరకు అనే నాలుగు విషయాలు ఇంకా మిగిలాయి గనుక వాటి గురించి రాస్తాను.

స్కూటర్లలో రెండు రకాల లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. నికెల్, మాంగనీసు, కోబాల్ట్ కలిసిన ఎన్ఎంసీ రకం తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుకుంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్ఎఫ్‌పీ, అంతే శక్తికి ఎక్కువ బరువు ఉంటుంది. అయితే దానిలో ఫాస్ఫరస్, ఆక్సిజన్ మధ్య బంధం బలమైనది. సెల్ (బ్యాటరీ లోపలి ఒక్కొక్క చిన్న విభాగం) వేడెక్కినా ఆ పదార్థం సులభంగా ఆక్సిజన్‌ను వదలదు. నిప్పుకు ఆక్సిజన్‌ను తన లోపలి నుండే అందించుకోగలగడం వల్లే కొన్ని బ్యాటరీ మంటలు ఆర్పడానికి లొంగవు. ఎల్ఎఫ్‌పీలో ఆ ప్రమాదం తక్కువ, బొత్తిగా లేదని మాత్రం కాదు. ఏ రకమైనా వేడివేడిగా ఉన్న బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకూడదు. మే నెలలో గాజువాక నుండి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా, భోజనం ముగించి అరగంట తరువాత పెట్టే అలవాటు చేసుకోండి.

2022 నాటి ప్రమాదాల తరువాత కేంద్రం విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేసింది. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుండి, రెండవ దశ 2023 మార్చి 31 నుండి అమలులోకి వచ్చాయి. సెల్‌కూ సెల్‌కూ నడుమ ఎడం, ఒక సెల్ మండినా పక్క సెల్‌కు పాకకుండా పరీక్ష, బ్యాటరీని కనిపెట్టి ఉండే నియంత్రణ వ్యవస్థ వంటివి ఇందులో ఉన్నాయి. మీ సంఘం సమావేశంలో చెప్పవలసిన మాట ఇదే: విజయవాడ సంఘటన ఈ నియమాలకు ముందు జరిగినది. కాబట్టి రెండవ దశ తేదీ తరువాత తయారై, ఈ ప్రమాణం కింద ధ్రువీకరణ పొందిన బళ్లకు మాత్రమే అనుమతి ఇస్తామని తీర్మానం చేయమనండి. పాత బళ్లకు, బయట అతికించిన బ్యాటరీలకు అనుమతి నిరాకరించడం సబబే.

పక్క ఫ్లాటు పెద్దాయన ప్రశ్న న్యాయమైనది. పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రం 2,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం. మన దేశపు గ్రిడ్‌లో సగటున ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మీ 48 యూనిట్లకు 34 కిలోలు. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోలు, మీ 29 లీటర్లకు 67 కిలోలు. అంటే బొగ్గు కరెంటుతో నడిపినా సగానికి దిగుతుంది. బ్యాటరీ తయారీలో అయ్యే ఉద్గారాలు దీనికి అదనం, అయితే మీలా రోజూ ఎక్కువ దూరం తిరిగేవారు ఆ బాకీని త్వరగా తీర్చేస్తారు. అప్పుడప్పుడు మాత్రమే బండి తీసేవారి విషయంలో నేను ఇంత ధైర్యంగా చెప్పను. మీ భవనం పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టే ఆలోచన సంఘానికి ఉంటే, 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఉంది. ఆ ఉమ్మడి అవసరాలలో వాహనాల చార్జింగ్ కూడా చేరింది.

హైడ్రోజన్ కోసం ఆగమన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. 2025 జనవరి 8న విశాఖలో ప్రధాన మంత్రి పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన చేసిన తరువాత మా విద్యార్థులు కూడా ఇదే అడుగుతున్నారు. లెక్క చూడండి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కిలోలో ఉండే శక్తి సుమారు 33 యూనిట్లు. దాన్ని కార్లలో వాడాలంటే 700 బార్‌ల ఒత్తిడికి అణచాలి. ఫ్యూయల్ సెల్ దాన్ని తిరిగి కరెంటుగా మార్చేటప్పుడు మళ్లీ దాదాపు సగం వేడిగా పోతుంది. మొదట పెట్టిన కరెంటులో మూడో వంతు కూడా చక్రానికి చేరదు. అదే కరెంటును నేరుగా బ్యాటరీలో నింపితే నాలుగింట మూడు వంతుల దాకా చేరుతుంది. ఎరువులకు, చమురు శుద్ధికి, ఉక్కుకు, ఓడలకు, బ్యాటరీ బరువు మోయలేని భారీ వాహనాలకు హైడ్రోజన్ కావాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, రిఫైనరీ మూడూ ఉన్న మన ఊరికి దాని అవసరం ఎక్కువే. మీ స్కూటర్‌కు మాత్రం అది రాదు.

అరకు సంగతి. మీ ఇద్దరి బరువు, బండి బరువు కలిపి 250 కిలోలు అనుకుని, సుమారు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి కావలసిన శక్తిని లెక్కిస్తే 0.6 యూనిట్లు, మోటారు నష్టాలతో 0.75 అనుకోండి. చాలామంది భయపడేటంత ఎక్కువ కాదిది, దిగేటప్పుడు బ్రేకు ద్వారా కొంత తిరిగి వస్తుంది కూడా. తిరుమల ఘాట్‌లో 2022 నుండి విద్యుత్ బస్సులు తిరుగుతున్నది ఈ బలంతోనే. మీకు అడ్డు వచ్చేది ఎత్తు కాదు, 115 కిలోమీటర్ల దూరం. రెండూ కలిపి నాలుగు యూనిట్లకు పైగా కావాలి, మూడు యూనిట్ల బ్యాటరీ సరిపోదు. అరకుకు రైల్లో వెళ్లండి. ఏడాదికి రెండు రోజుల ప్రయాణం కోసం మిగిలిన రోజులన్నీ అవసరానికి మించిన బ్యాటరీని మోయడం దండగ.

ప్రశ్న వేసినవారి స్పందన: మధురవాడ నివాసి

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత జరిగినది తెలియజేస్తున్నాను.

మీ సమాధానాలను కాగితం మీద రాసుకుని గత ఆదివారం సంఘం సమావేశానికి వెళ్లాను. సెల్లారులో వద్దు, బయట ఖాళీ స్థలంలో అన్న మాటతో మొదలుపెట్టగానే సగం అభ్యంతరాలు ఆగిపోయాయి. ఇంజనీరు గారు ఊహించినట్టే, తరువాతి గంట అంతా ఉమ్మడి బిల్లు గురించే నడిచింది. ఎవరి మీటరు నుండి వారే అని చెప్పాక అది కూడా సద్దుమణిగింది. ఏఐఎస్ 156 ధ్రువీకరణ పత్రం సంఘానికి ఇవ్వాలని, రాత్రి పదకొండు దాటాక చార్జింగ్ పెట్టకూడదని, సాకెట్ల దగ్గర మంటలార్పే పరికరం ఉండాలని తీర్మానించి, ముగ్గురికి అనుమతి ఇచ్చారు. పదకొండు గంటల నిబంధన నాకు రెండవ షిఫ్టు వారంలో ఇబ్బందే. అయినా దాని మీద పట్టుబట్టలేదు. వారం రోజులు మధ్యాహ్నం షిఫ్టుకు బయలుదేరే ముందు, ఉదయం పూట చార్జ్ చేసుకుంటాను.

తుపాను ప్రశ్నకు మా పక్క ఫ్లాటు పెద్దాయనే సమాధానం చెప్పారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత పెట్రోల్ బంకుల దగ్గర కూడా కరెంటు లేక పంపులు ఆగిపోయి, జనరేటరు ఉన్న బంకు కోసం ఆయన క్యూలో నిలబడ్డారట. హెచ్చరిక రాగానే బండిని నిండా చార్జ్ చేసి, ఎత్తైన చోట నిలపమన్నారు. బొగ్గు గురించి ఆయన తన మాట మార్చుకోలేదు గాని, 34 కిలోలు, 67 కిలోలు అన్న లెక్కను తన డైరీలో రాసుకున్నారు.

బండి విషయంలో, ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ ఉన్నది, నేను వెళ్లే దారిలోనే సర్వీసు కేంద్రం ఉన్నది చూసి ఒకదాన్ని ఎంచుకున్నాను. మెకానిక్ గారు చెప్పినట్టు ఒక శనివారం ఉదయం ఆ కేంద్రంలో కూర్చున్నాను. విడిభాగాల కోసం ఆగినవి రెండే కనిపించాయి. హామీ కాగితంలో సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే మార్పిడి అని స్పష్టంగా ఉంది. రెండవ యజమానికి బదిలీ అవుతుందా అన్న ప్రశ్నకు మాత్రం షోరూము వారు నోటిమాటగా అవునన్నారు. కంచరపాలెం చెల్లెమ్మ మాట గుర్తొచ్చి, దాన్ని రాతలో ఇచ్చేవరకు బయానా ఇవ్వనని చెప్పి వచ్చాను. చోడవరం ప్రయాణానికి మా బావమరిది ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ ఉంది, దానికి ఎర్త్ ఉందో లేదో ఇంకా చూడాలి.

ఒక సందేహం మిగిలింది. మా భవనం ఎర్త్ కొలిపిస్తే 11 ఓంలు వచ్చింది. కాంట్రాక్టరు వెంటనే ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించి మళ్లీ కొలిచి 4 ఓంలు చూపించాడు. దీన్ని నమ్మవచ్చునా?

సమాధానం 5: విద్యుత్ ఇంజనీరు (విశ్రాంత), సీతమ్మధార

నీళ్లు పోసిన రోజు కొలతను లెక్కలోకి తీసుకోవద్దు. పది రోజులు ఎండిన తరువాత అదే మనిషి చేత, మీ ఎదుటే మళ్లీ కొలిపించండి. అయిదు దాటితే, మొదటి గొయ్యి నుండి కనీసం ఎలక్ట్రోడ్ పొడవుకు రెట్టింపు దూరంలో రెండవ గొయ్యి తవ్వించి, రెండిటినీ రాగి పట్టీతో కలపమనండి. రాతి నేలలో ఒక గొయ్యిని లోతు చేయడం కంటే ఇది మేలు. ఉప్పు ఎక్కువ వేయనివ్వకండి, మూడు నాలుగేళ్లలో ఎలక్ట్రోడ్‌నే తినేస్తుంది. దానికి బదులు తేమను పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి వాడమనండి. గొయ్యి మూత మీద కొలిచిన తేదీ, విలువ రంగుతో రాయించి, ఏటా మే నెలలో మళ్లీ కొలిపించండి. చోడవరంలో సాకెట్ చూసేటప్పుడు టెస్టరు ఒక్కటే చాలదు, ఎర్త్ పిన్నుకూ ఫేజుకూ నడుమ వంద వాట్ల బల్బు పెట్టి చూడమని అక్కడి ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ఆ లైనుకు ఆర్‌సీసీబీ ఉంటే అది పడిపోవాలి. లేకపోతే బల్బు పూర్తి వెలుగుతో వెలగాలి, మసకగా వెలిగితే అక్కడ చార్జింగ్ పెట్టవద్దు. ఈ పరీక్ష మీరు చేయకండి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.